ఇరవై మూడు ఎత్తులు

బండి కదిలేలోపు ఒక ఆట అయిపోతుందని ఆయనే అన్నాడు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. అరవై ఏళ్లకు పైగా నన్ను నేను వెనకేసుకు రావడానికి వాడుకున్న మాట ఇదొక్కటే. ఆట అడిగింది ఆయన. బట్ట పరిచింది ఆయన. ఎర్ర పావులు నా వైపు తోసింది ఆయన. నేను చేసిందల్లా ఆడడమే. వినడానికి గట్టి వాదనలాగే ఉంటుంది. నాకు మాత్రం అది ఒక్క రోజు కూడా పనికిరాలేదు.

మాది చౌటుప్పల్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న మగ్గాల ఊరు. ఇంటింటా మగ్గం ఉండేది కానీ నూలుకు రంగు వేసే ఇల్లు మాత్రం ఒక్కటే. ఆ ఇంటాయన ముసలి సాయిబు. పెద్దవాళ్లకు రంగుల సాయిబు, మా వీధి పిల్లలందరికీ తాత. వయసులో ఉండగా మక్తల్ వైపు నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డాడు. భార్య పోయింది. ఒక్కగానొక్క కూతురు పట్నంలో కాపురం చేసుకుంటోంది. ఆయన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఆ నీలం ఎంత రుద్దినా పోయేది కాదు. ఆయన పెరుగన్నం కలుపుకుంటుంటే అన్నం కూడా నీలమవుతుందేమోనని చిన్నప్పుడు తొంగి చూసేదాన్ని. ఆయన అది కనిపెట్టి, ఒక ముద్ద ఎత్తి నాకు చూపించి, తెల్లగానే ఉందని తల ఊపి నోట్లో పెట్టుకునేవాడు.

మా బాపు నేస్తే, నేను నూలు లడీలు, అంటే నూలు చుట్టలు, మోసేదాన్ని. తెల్ల నూలు తాత ఇంటికి, రంగు నూలు మా ఇంటికి. నీలి బానలు నాలుగు ఆయన పెరట్లో మెడల దాకా నేలలో పాతి ఉండేవి. బానలో ముంచిన నూలు పైకి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ నెమ్మదిగా నీలమవుతుంది. మళ్లీ ముంచాలి, మళ్లీ గాలికి ఆరేయాలి. ఒక్కో లడికి ఇలా ఆరేడుసార్లు. ఆ మధ్యలో చేయడానికి పనేమీ ఉండదు. ఆ ఖాళీలోనే తాత నాకు చదరంగం నేర్పాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. బడి లేదు, అక్షరం ముక్క రాదు. ఆడపిల్లకు చదువెందుకని అందరూ అన్నారు కానీ ఆటెందుకని ఎవరూ అనలేదు. నూలు ఆరేదాకా కూర్చుందనుకున్నారు. అమ్మను మేం అవ్వ అంటాం, ఆమె ఒక్కతే కనిపెట్టింది. "ఏమే, రాజ్యాలేలనీకె పోతున్నవా?" అని లడీలు నా నెత్తికెత్తేది.

ఆట బట్ట మా బాపు నేసిందే. అరవై నాలుగు గళ్లు. పావులు మాత్రం పాతవి, తాతకు ఆయన ఉస్తాదు నుంచి వచ్చినవి. ఒక సైన్యం ఎరుపు, ఒకటి నీలం. చేతులు తగిలి తగిలి రంగు దిగిపోతే ఏటా ఆయనే మళ్లీ రంగు వేసేవాడు. ఆ పావుల మీద ఒక కట్టుబాటు ఉండేది. వాటిని అడిగి తీసుకోకూడదు, ప్రేమ కొద్దీ ఇవ్వకూడదు. శిష్యుడు ఉస్తాదును ఓడించి గెలుచుకోవాలి. అదీ చివరిదాకా ఆడి, మాతు చేసి, అంటే రాజు కదల్లేకుండా కట్టేసి గెలవాలి. ఉస్తాదు మధ్యలో లేచిపోయినా, ఇక చాలని తన రాజును పడుకోబెట్టినా పావులు చెయ్యి మారవు. తాత కూడా మక్తల్‌లో తన ఉస్తాదు దగ్గర అట్లాగే గెలుచుకున్నాడట. అందుకు ఆయనకు పదహారేళ్లు పట్టిందట. "నీకెన్నేండ్లు వడతదో" అని నన్ను ఉడికించేవాడు. నేను నాలుగేళ్లు ఆడి ఒక్కసారి కూడా గెలవలేదు. ఓడిన ప్రతిసారీ ఏడ్చేదాన్ని. ఏడ్చి, అలిగి, ఆరని లడీలు ఎత్తుకుని ఇంటికొచ్చి బాపుతో తిట్లు తినేదాన్ని.

మా ఆట ఇప్పుడు బళ్లలో నేర్పే ఆట కాదు. బంటు మొదటి అడుగు కూడా ఒక్క గడే. రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే వరం ఉంటుంది, కానీ ఒక్కసారి కిస్తు తగిలిందా ఆ వరం పోయినట్లే. కిస్తు అంటే రాజు మీదికి నేరుగా వచ్చే దెబ్బ. ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాలి. ఎదుటివాడి పావులన్నీ తినేసి రాజును ఒంటరిగా మిగిలిస్తే అది గెలుపు కాదు. దాన్ని బుర్జు అంటారు, ఆట సగంతో సరి. మాతు చేసేదాకా ఎదుటివాడికి ఒక్క పావైనా మిగిలి ఉండాలి. అన్నిటికన్నా గొప్ప గెలుపు ప్యాదామాతు, అంటే బంటుతో రాజును కట్టెయ్యడం. ఏనుగుతోనో మంత్రితోనో ఎవరైనా కడతారు. బంటుతో కట్టినవాడి పేరు నాలుగూళ్లు చెప్పుకుంటాయని తాత అనేవాడు. ఆయన జీవితంలో రెండేసార్లు చేశాడట. ఆ రెండు ఆటలూ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

పన్నెండో ఏట ఆయన నాకు ఒంటె ఆట నేర్పాడు. ఆ పేరు మేం పెట్టుకున్నదే. మొదలుపెట్టిన నాలుగైదు ఎత్తుల్లోనే ఒంటెను తీసుకెళ్లి రాజు పక్కనున్న బంటును కొట్టడం. రాజు ఆ ఒంటెను తినేస్తాడు. తినేస్తే తిననీ. కిస్తు తగిలింది కాబట్టి దూకే వరం పోయింది, ఇంటిలోంచి బయటికొచ్చి నడివీధిలో నిలబడ్డాడు. ఇక గుర్రాలనూ మంత్రినీ వాడి మీదికి ఉరికించాలి. ఊపిరి తీసుకోనివ్వకూడదు. ఒక్క ఎత్తు మెల్లగా వేస్తే మనమే మునుగుతాం, ఎందుకంటే ఒంటె ఊరికే పోయింది కదా. ఇరవై ఎత్తుల్లో అటో ఇటో తెగిపోతుంది. "ఇది జల్దీలున్నోడి ఆట బిడ్డా. ఓపికున్నోడు ఆడొద్దు" అన్నాడు తాత. నాకు ఓపిక ఎప్పుడూ లేదు. నేర్చుకున్న రోజు నుంచి ఇంకో ఆట ఆడలేదు.

దానికి విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. ఒంటెను తినకుండా రాజును పక్కకు జరిపితే ఎదుటివాడి ఊపు సగం చల్లారుతుంది. నేను ఒంటెను ఇచ్చిన ప్రతిసారీ ఆయన అట్లాగే పక్కకు జరిగేవాడు. ప్రతిసారీ నేనే మునిగేదాన్ని.

ఊళ్లో అప్పటికే మంచి రోజులు కావు. పక్క ఊళ్ల మీద రజాకార్లు పడ్డారని వినేవాళ్లం. ఇళ్లు కాలిన పొగ మా మిద్దె మీదికి కనపడేది. సర్కారు మీద తిరగబడి అడవి పట్టిన సంఘపోళ్లు మా ఇళ్లలోనే అన్నం తినిపోయేవాళ్లు. వాళ్ల జెండాలకు ఎర్ర రంగు వేసింది తాతే. బాపు గుడ్డ ఇస్తే తాత రంగు వేసి, నా లడీల మధ్య పెట్టి పంపేవాడు. నేను నెత్తి మీద మోసుకొచ్చేదాన్ని. ఆయన ఎవరి మనిషి అన్న అనుమానం మా ఊళ్లో ఎవరికీ లేదు. కానీ మా ఊరు దాటితే ఆయన ఎవరికీ తెలియదు.

ఆ వానాకాలం చివర పెద్ద రోడ్డు మీద మిలిటరీ లారీలు వరసగా పట్నం వైపు పోయాయి. నైజాం సర్కారు పడిపోయిందన్నారు. మా వీధిలో పటాకులు పేల్చారు. తాత కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడి చూశాడు. రెండు రోజులు గడిచాయో లేదో ఇంకో రకం వార్తలు మొదలయ్యాయి. రోడ్డు మీద గుంపులు తిరుగుతున్నాయని, గడ్డం కనపడితే ఆపుతున్నారని చెప్పుకున్నారు. ఎవరి మీదో ఉన్న కసి ఎవరి మీదో తీర్చుకుంటున్నారు. మా ఊళ్లో ఉన్నవి మూడే తురక ఇళ్లు. రెండిళ్ల వాళ్లు పిల్లలతో పట్నం పోవడానికి బండి మాట్లాడుకున్నారు. తాతను కూడా రమ్మన్నారు. బాపు మా ఇంట్లోనే ఉండమన్నాడు. తాత ఒప్పుకోలేదు. "నన్ను దాస్తే నీ ఇల్లుకు అగ్గి వెడతరు. నా బిడ్డ కాడికి పోత, అంత సల్లవడ్డంక వస్త" అన్నాడు. ఆయన కూతురు రెండు నెలల కిందటే కబురు పంపింది. బానల్లో పులుస్తూ ప్రాణంతో ఉన్న నీలాన్ని వదిలి ఎట్లా వస్తానని అప్పుడు ఆగాడు. కిస్తు తగలకముందే దూకాలని నాకు చెప్పిన మనిషే.

బండి పొద్దు నడినెత్తికి రాకముందే కదలాలి. మధ్యాహ్నం దాటితే రోడ్డు మీద గుంపులు పెరుగుతాయని బండతని భయం. చౌటుప్పల్‌లో ఎవరో తెలిసినవాళ్ల లారీ ఉంది, అందులో ఎక్కిస్తే పట్నం చేరినట్లే. బాపు పొద్దున్నే తాత పెట్టె, వంట గిన్నెలు బండికెత్తాడు. తాత మా ఇంటి అరుగు మీదికొచ్చి కూర్చుని సంచిలోంచి ఆట బట్ట తీశాడు.

"ఒక్క ఆట. ఒంటె ఆట ఆడు బిడ్డా, జల్ది తెగుతది" అన్నాడు. "గెలిస్తే ఇవి నీయి. ఓడితే నాతోటి పట్నం వస్తయి."

బాపు రోడ్డు ఎట్లా ఉందో కనుక్కురావడానికి వెళ్తూ నా వైపు వేలు చూపించాడు. "తాతను ఆగం చెయ్యకు. ఆట అయిపోంగనే పంపియ్యి. సమజైందా?"

సమజైందన్నాను.

ఐదో ఎత్తులో ఒంటెను ఇచ్చాను. ఆయన పక్కకు జరుగుతాడని నా తర్వాతి ఎత్తు అప్పటికే మనసులో వేసుకుని ఉన్నాను. ఆయన ఒంటెను తిన్నాడు. నేను ఒంటె ఆట మొదలుపెట్టాక ఇదే మొదటిసారి. తొందరలో మరిచిపోయాడనుకున్నాను. ప్రయాణం హడావుడిలో ముసలాయన తడబడ్డాడని లోలోపల సంబరపడ్డాను. ఆ సంబరం ఇప్పటికీ గుర్తుంది. గుర్రం ఉరికింది. మంత్రి వెళ్లింది. ఆయన రాజు నడివీధిలో అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు. పన్నెండో ఎత్తులో ఆయన మంత్రి నాకు దొరికింది. మా అవ్వ పక్కన జొన్నలు చెరుగుతూ, ఆయన ముఖం చూసి నా ముఖం చూసి, చాట ఆపింది.

పందొమ్మిదో ఎత్తుకు నా ఏనుగుకు దారి దొరికింది. ఒక్క జరుపు జరిపితే మాతు. నాకు కనపడింది. ఆయనకూ కనపడింది.

అప్పుడే బండతను వీధి చివర నుంచి కేకేశాడు. "ఓ సాయిబు తాతా! బండి కట్టిన. రావాలె మరి!"

"వస్తున్న" అన్నాడు తాత. నాతో నెమ్మదిగా, "నీ ఏనుగు దిక్కు జర చూడు బిడ్డా" అన్నాడు.

"చూసిన" అన్నాను. "ఏనుగుతోటి వద్దు. ప్యాదామాతు చేస్త."

ఇక్కడ నేను ఏమీ దాచడం లేదు. నాకు పదమూడేళ్లు, కానీ బండి ఎందుకు కట్టారో తెలుసు. రోడ్డు మీద ఏం జరుగుతోందో తెలుసు. పొద్దు ఎక్కడిదాకా వచ్చిందో అరుగు మీద నీడను బట్టి తెలుస్తూనే ఉంది. కానీ నాలుగేళ్లు ఓడాను. ఇంకెప్పుడు గెలుస్తానో తెలియదు. గెలిచిన ఒక్క ఆట ఆయన చెప్పుకునే ఆ రెండు ఆటల పక్కన నిలవాలి. పట్నంలో కూతురికి చెప్పాలి, నా శిష్యురాలు నన్ను బంటుతో కట్టిందని. నాకు అదే కావాలి.

అవ్వ ఊరుకోలేదు. "పెద్దమనిషి పయనం మీదుంటే నీ ఆటేందే పోరీ! పావులు మూట గట్టియ్యి" అంది.

తాత నవ్వాడు. "జిద్దుది, మొండి పోరి. కానియ్యి" అన్నాడు.

బంటుతో కట్టాలంటే ముందు దానికి దారి కావాలి. నేను ఆయన పావులను ఒక్కొక్కటిగా తినడం మొదలుపెట్టాను. ఏనుగు, ఒంటె, ఒక గుర్రం, మిగిలిన బంట్లు. తింటున్న ప్రతి పావునూ నా పక్కన వరసగా నిలబెట్టాను, పెళ్లిలో విస్తళ్లు వేసినట్లు. చివరికి ఆయనకు రాజూ ఒక గుర్రమూ మిగిలాయి. నా బంటు ఒక్కో గడీ జరుగుతోంది. ఆయన మాత్రం అంతకుముందు కన్నా ఎక్కువసేపు ఆలోచిస్తున్నాడు. ఓడిపోయిన ఆటలో ఆ ఒక్క గుర్రాన్ని ఎందుకంత పట్టుకుని వేళ్లాడుతున్నాడో అర్థం కాక నాకు విసుగొచ్చింది. బండతను రెండోసారి కేకేశాడు. "పొద్దు నెత్తి మీదికొచ్చింది తాతా! బండ్ల పసిపిల్లలున్నరు, ఇగ నేనాగ!" తాత తల ఎత్తలేదు. కాసేపటికి గుర్రాన్ని మూలకు జరిపాడు.

నా బంటు చివరి అడుగు వేసింది. "మాతు" అన్నాను. అరిచానంటే సరిపోతుంది.

ఆయన పలక మీద లెక్క సరిచూసినట్లు ఒక్కసారి గళ్లన్నీ చూశాడు. "మాతే" అన్నాడు. బట్టను మడిచి, పావులు సంచిలో వేసి, నా రెండు చేతుల్లో పెట్టాడు. నీలి రాజును మాత్రం జేబులో వేసుకున్నాడు. "ఇది నా కాడ ఉంటది. మళ్ల ఆడాల్నంటే నువ్వే పట్నం రావాలె" అన్నాడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు లేచాడు.

వీధి చివర బండి లేదు.

బాపు ఎదురొచ్చాడు. నన్ను చూసిన చూపు నేను రాయలేను. తాతే సర్దిచెప్పాడు. ఎడ్లు ఎంత దూరం పోతాయి, తాటిచెట్ల మధ్య అడ్డదారిన పడితే పెద్ద రోడ్డు దగ్గర అందుకుంటానన్నాడు. బాపు వాగు దాకా ఆయన వెంట వెళ్లాడు. అక్కడి నుంచి తాతే వెనక్కి పంపాడు. "ఇంటికాడ ఆడోళ్లున్నరు. నువ్వు వాపస్ పో" అన్నాడట. ఆయన తాటిచెట్లలోకి నడిచి వెళ్లడం బాపు చూశాడు.

మర్నాడు బండతను తిరిగొచ్చాడు. పిల్లలందరూ లారీ ఎక్కారన్నాడు. పెద్ద రోడ్డు దగ్గర కాసేపు ఆగాడట. తాత రాలేదట.

బాపు ఆ రోజే వెతకడానికి వెళ్లాడు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చాడు. ఇంట్లోకి రాకుండా బయటే నిలబడి అవ్వను నీళ్లు తెమ్మన్నాడు. చావింటి నుంచి వచ్చినవాళ్లు పోసుకున్నట్లు నెత్తి మీది నుంచి పోసుకున్నాడు. రోడ్డు పక్క చేన్లో పాత బావి ఉంది. అందులో ఇంకా కొందరున్నారట. "చేతులు చూసి గుర్తువట్టిన" అన్నాడు అవ్వతో. అక్కడే మట్టి చేసి వచ్చానన్నాడు. తర్వాత తడి చేత్తో నీలి రాజును తెచ్చి నా ముందు గడప మీద పెట్టాడు. ఎవరు చేశారో ఎన్నడూ తెలియలేదు. వాళ్లు ఆయన గడ్డం చూసి ఉంటారు. చేతులు చూసి ఉండరు.

బాపు నన్ను ఒక్క మాట అనలేదు. ఆట అంతసేపు ఎందుకు పట్టిందని ఆ రోజు అడగలేదు, చనిపోయేదాకా అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్ని. తిడితే బాగుండు, కొడితే ఇంకా బాగుండు అనుకున్న రోజులున్నాయి. అవ్వకు అంతా తెలుసు. ఆమె కూడా నోరు విప్పలేదు. ఆ ఇద్దరూ నన్ను కాపాడుతున్నామనుకున్నారు. ఆ కాపాడడం ఎంత బరువో వాళ్లకు తెలియదు.

కొన్నాళ్లకు బాపు పావుల మూట పట్టుకుని పట్నం వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు కానీ నేను పోలేదు. తాత కూతురు మూట విప్పి చూసిందట. ఆట ఎట్లా ముగిసిందని అడిగిందట. పిల్ల మాతు చేసిందని బాపు చెప్పాడు. అయితే ఇవి మావి కావు, ఓడి ఇచ్చినవి వాపసు తీసుకునేది లేదని మూట మళ్లీ కట్టి ఇచ్చిందట. మూట నా దగ్గరికే తిరిగొచ్చింది. పెట్టె అడుగున పెట్టాను.

మరుసటి వానాకాలానికి తాత ఇంటి కప్పు కూలింది. బానలు వాన నీళ్లతో నిండి పొంగి, అడుగున మిగిలిన నీలమంతా వీధిలోకి పారింది. ఆ నీళ్లు మా వాకిట్లోకి కూడా వచ్చాయి. అవ్వ చీపురుతో ఊడ్చింది. నేను మంచం మీదికెక్కి కూర్చున్నాను, కింద కాలు పెట్టలేదు.

తర్వాత రోజులు మారాయి. ఆడపిల్లలకు బళ్లొచ్చాయి. నేను ఆలస్యంగా అక్షరాలు దిద్ది, మొండితనంతోనే చదివి, నల్లగొండ పక్కన పానగల్‌లో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచరునయ్యాను. పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను. అందరిలాగే నవ్వాను, పోట్లాడాను. పిల్లల వేళ్లకు సిరా అంటితే మాత్రం తట్టుకోలేకపోయేదాన్ని. నీళ్ల తొట్టి దగ్గరికి పంపి, ఇటుక ముక్కతో రుద్దుకుని రమ్మనేదాన్ని. వాళ్లు నాకు సిరా టీచరమ్మ అని పేరు పెట్టారు. నేను పరిశుభ్రత మనిషినని హెడ్మాస్టరు మెచ్చుకునేవాడు. కొన్ని మధ్యాహ్నాలు నల్లబల్ల వైపు తిరిగి రాస్తుంటే వెనక బల్లల దగ్గర తాత కూర్చున్నట్లు అనిపించేది. తిరిగితే ఎవరూ ఉండరు. ఎవరూ ఉండరని తెలిసి కూడా తిరిగేదాన్ని. ఇప్పటికీ అరుగు మీద నీడ గోడకు దగ్గరైతే, వీధి చివర ఎవరో పిలిచినట్లే ఉంటుంది.

రిటైరయ్యాక మా పక్కింట్లోకి ఒక లెక్కల సారు వచ్చాడు. ఆయనా రిటైరే. పేపర్లో వచ్చే చదరంగం లెక్కలు విప్పుకోవడం ఆయన కాలక్షేపం. మాటల్లో నేను ఒకప్పుడు ఆడేదాన్నని నోరు జారాను. పోయిన వానాకాలంలో, ఏమనిపించిందో, మూట విప్పాను. ఒక ఆట గుర్తుంది, చూడండి అన్నాను. ఎవరితో ఆడానో చెప్పలేదు.

నలభై రెండు ఎత్తుల ఆట. నాకు గుర్తున్నవన్నీ నా ఎత్తులే. ఇన్నేళ్లు వాటినే తిప్పి తిప్పి చూసుకున్నాను, ముఖ్యంగా ఏనుగు జరపని ఆ ఎత్తు తర్వాతి ఇరవై మూడు. తాత ఎత్తుల గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. బట్ట మీద పావులు పేర్చి ఎర్రవి జరుపుతూ పోతుంటే, నీలివి ఎక్కడెక్కడ ఉండాలో చేతికే గుర్తొచ్చింది.

ఒంటె ఆటను సారు మెచ్చుకున్నాడు. ఏనుగు మాతు ఉండగా వదిలేశారేమని నవ్వాడు. తర్వాత చివరి ఎత్తుల దగ్గర ముక్కు మీద వేలేసుకున్నాడు. "ఈ నీలం పావుల మనిషికి ఆట రాదు టీచరమ్మా" అన్నాడు. "ఈ గుర్రం చూడుండ్రి. ఇక్కడ్నుంచి మీ రాజుకు చెక్కు చెప్తే మీ బంటు ఆగిపోతుండె. చెప్పలె. పక్కకు పారిపోయింది. మళ్ల ఇక్కడ. మళ్ల ఇక్కడ గూడ. మూడుసార్లు అదే తప్పు."

తప్పు కాదన్నాను. చెక్కు చెప్పే గడిలోకి వస్తే గుర్రం నా ఏనుగు నోటికి దొరుకుతుంది.

"దొరికితే దొరకనీ" అన్నాడు సారు. "ఎట్లైన ఓడిపోయే ఆటే గద. ఒక్క గుర్రం పోతే ఏమైతది?"

పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్లాను. పాలు లేవు.

గుర్రం పోతే ఏమవుతుందో సారు నేర్చుకున్న ఆటలో లేదు, మా ఆటలో ఉంది. గుర్రం పోతే రాజు ఒంటరివాడవుతాడు. బుర్జు. ఆట అక్కడికక్కడే సగంతో ఆగిపోతుంది. నాకు గెలుపు లేదు, ప్యాదామాతు లేదు, పావులు లేవు. తాతకు మాత్రం లేచిపోవడానికి దారి ఉంది. ఒక్క గుర్రాన్ని నా ఏనుగు ముందుకు జరిపితే చాలు. ఆ రోజు ఆ తొందరలో, ఆ పొగరులో, నేను బుర్జు సంగతే మరిచి తినేసి ఉండేదాన్ని. అది ఆయనకు తెలుసు. మూడుసార్లు ఆ గడి ఆయన ముందు ఖాళీగా ఉంది.

బండతను రెండోసారి పిలిచినప్పుడు తాత తల ఎత్తలేదని ఇందాక రాశాను. ఓడిపోయేవాడి మొండితనమని అన్నేళ్లూ అనుకున్నాను. ఆయన ఆ గుర్రాన్ని ఎక్కడ పెడితే నా చేతికి దొరకదా అని చూస్తున్నాడు.